దూరపు చేయి, దగ్గరి మనిషి

హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్లే 44వ జాతీయ రహదారి మీద, వనపర్తికి దారి చీలే చోట ఉంది కొత్తకోట. ఇలాంటి ఊళ్ల కొరియర్ ఆఫీసులకు వచ్చే సరుకులో ఇప్పుడు సీలు విప్పని ల్యాప్‌టాప్ పెట్టెలు కూడా ఉంటున్నాయి. పెట్టె మీద పేరున్న అమ్మాయి మాదాపూర్‌లోని ఏదో కంపెనీలో పనిచేస్తుంటుంది. ఉండేది మాత్రం సొంత ఊళ్లో, అమ్మానాన్నల దగ్గర. ఆ ల్యాప్‌టాప్‌ను కంపెనీలో ఎవరూ చేత్తో తాకి ఉండరు. డీలరు గోదాము నుంచి నేరుగా ఆమె ఇంటికే వచ్చింది. పెట్టె విప్పి, ఛార్జరు పెట్టి, ఇంట్లో వైఫైకి కలిపి, ఆఫీసు ఈమెయిలూ పాస్‌వర్డూ కొడుతుంది. ఫోనుకు వచ్చిన ఓటీపీ ఇస్తుంది. ఇంట్లోవాళ్లు అన్నాలు తిని లేచి కాసేపు మాట్లాడుకునేలోగా అది ఆఫీసు కంప్యూటరు అయిపోతుంది. మెయిలు, పనికి కావలసిన ప్రోగ్రాములు, ఆఫీసు ఫైళ్లకు దారి, వైరస్‌లను ఆపే ఏర్పాటు, అన్నీ వాటంతటవే వచ్చి చేరతాయి. హైదరాబాదు నుంచి మనిషి రాలేదు. ఆమె హైదరాబాదు పోలేదు.

ఇది జరిగే తీరు తెలుసుకోదగ్గది. ప్రతి కంప్యూటరుకూ తయారీలోనే పడే గుర్తులు కొన్ని ఉంటాయి. కంపెనీ కొన్నప్పుడే ఆ గుర్తులను అమ్మినవాళ్లు కంపెనీ పేరిట నమోదు చేసి పెడతారు. కొత్త యంత్రం మొదటిసారి ఇంటర్నెట్ అందుకోగానే తాను ఎవరిదో కనుక్కుంటుంది. ఫలానా కంపెనీది అని జవాబొస్తుంది. అక్కడి నుంచి ఆ కంపెనీ రాసిపెట్టుకున్న నియమాలు ఒక్కొక్కటే దిగుతాయి. డిస్కు మొత్తానికి తాళం పడాలి. పాస్‌వర్డు ఇంత పొడవుండాలి. పెన్‌డ్రైవ్ పనిచేయకూడదు. ఈ ప్రోగ్రాములు ఉండాలి, ఆ ప్రోగ్రాములు ఉండకూడదు. విండోస్ యంత్రాలకు మైక్రోసాఫ్ట్ వారి ఆటోపైలట్, ఇన్‌ట్యూన్ ఈ పని చేస్తాయి. ఆపిల్ యంత్రాలకూ ఆండ్రాయిడ్ ఫోన్లకూ వాటి పద్ధతులు వాటికున్నాయి. చెన్నై కేంద్రంగా నడిచే జోహో కూడా మేనేజ్‌ఇంజిన్ పేరుతో ఇలాంటి సాధనాలను దేశదేశాలకు అమ్ముతోంది. ల్యాప్‌టాప్ బస్సులో పోయినా, ఎవరైనా ఎత్తుకుపోయినా, అది మళ్లీ ఇంటర్నెట్‌కు తగిలిన మరుక్షణం లోపలిదంతా తుడిచేయమని ఆఫీసు నుంచి ఆజ్ఞ వెళ్తుంది. ఉద్యోగం మానేసిన రోజు సాయంత్రం కూడా అంతే.

పాతికేళ్ల కిందటి సంగతి వేరు. ప్రతి ఆఫీసులో సిస్టమ్ అడ్మిన్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. కొత్త కంప్యూటర్లు సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి ఆటోలో వచ్చేవి. ఒకదాన్ని పద్ధతిగా సిద్ధం చేసి, దాని నకలును మిగతా వాటిలోకి సీడీలతో ఎక్కించేవాడు. ఇరవై యంత్రాలొచ్చాయంటే రాత్రుళ్లు జాగారమే. ఒకదానిలో ప్రింటరు పలక్కపోతే మళ్లీ మొదటికి. ఆ కుర్రాళ్లలో చాలామంది అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో నేర్చుకున్న జిల్లాల పిల్లలే. వాళ్లకు ప్రతి యంత్రం గుణం తెలుసు. ఎండాకాలంలో ఏది వేడెక్కి ఆగిపోతుందో తెలుసు. ఏ మేనేజరు తన పాస్‌వర్డును కాగితం మీద రాసి మానిటరుకు అంటించుకుంటాడో కూడా తెలుసు. ఆ తెలివిడిని ఏ రిజిస్టరులోనూ ఎవరూ రాసి పెట్టలేదు. దూరపు నిర్వహణ వచ్చాక ముందుగా జారిపోయింది అదే.

ఆ పాత పద్ధతి కొద్ది రోజుల్లోనే తలకిందులైంది. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయ్యేనాటికి తెలంగాణ ఐటీ రంగంలో 5.8 లక్షల మంది ఉద్యోగులున్నారు. అప్పటిదాకా ఆఫీసు కంప్యూటరును గేటు దాటించడమే పెద్ద తతంగం. సెజ్‌లలో (ప్రత్యేక ఆర్థిక మండళ్లలో) ఉన్న కంపెనీలకు అనుమతులు కావాలి, కాల్ సెంటర్లకు టెలికాం శాఖ నిబంధనలు అడ్డు. కేంద్రం ఆ మార్చిలోనే ఇంటి నుంచి పనికి వీలుగా నిబంధనలు సడలించింది. నవంబరులో టెలికాం నియమాలను మరింత తేలిక చేసింది. క్యాబుల వెనక సీట్లలో సీపీయూలూ మానిటర్లూ పెట్టి హాస్టళ్లకూ అపార్టుమెంట్లకూ పంపిన రోజులవి. సొంతూళ్లకు వెళ్లిపోయినవాళ్ల దగ్గరికి అలా పంపడమూ కష్టమైంది. తర్వాత చూద్దామని పక్కన పెట్టిన సాధనాలను కంపెనీలు ఆ వేసవిలో వెతికి తెచ్చుకున్నాయి. ఇన్‌ట్యూన్ 2011 నుంచి ఉంది. ఆటోపైలట్ 2017 నుంచి ఉంది. వాటితో గట్టి అవసరం మాత్రం 2020లో పడింది.

కొత్తకోట ఉన్న పాలమూరు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా విషయంలో ఈ మార్పుకు వేరే బరువుంది. పని వెతుక్కుంటూ ఈ జిల్లా మనుషులు వెళ్లినంత దూరాలు వెళ్లిన జిల్లాలు దేశంలో కొన్నే ఉంటాయి. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, బొంబాయి మేడలు, ఎక్కడ పెద్ద కట్టడం లేచినా పాలమూరు లేబర్ అన్న మాట వినిపించేది. ఇంటికి తాళం వేసి, పిల్లలను ముసలివాళ్లకు అప్పజెప్పి, పండుగకు తిరిగొచ్చే బతుకు అది. అలాంటి నేల మీద పనే ఇంటి గుమ్మం ముందుకు వచ్చి దిగడాన్ని చిన్న సంగతిగా చూడలేం. ఇది అందరికీ అందే పని కాదన్నది నిజమే. ఇంజనీరింగో డిగ్రీయో చదివి, ఇంగ్లిషులో నెగ్గుకొచ్చే కొద్దిమందికే అందుతుంది. అయినా ఒక ఇంట్లో ఒక్క మనిషి ఊళ్లో నిలబడగలిగితే ఆ ఇంటి లెక్కలన్నీ మారతాయి. నాన్న షుగరు మందులు వేళకు అందుతాయి. కౌలుకిచ్చిన చేను మీద చూపు ఉంటుంది. పిల్లలు పుట్టాక హైదరాబాదు ఉద్యోగం వదులుకుని వచ్చేసే ఆడపిల్లలకు ఇది ఎంత ఆసరానో, వదులుకున్న వాళ్లను అడిగితేనే తెలుస్తుంది.

2023 మే 6న మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో ఐటీ టవర్ ప్రారంభమైంది. ఆ ఏడాదే అక్టోబరు 2న నల్లగొండలో ఇంకొకటి తెరిచారు. పనిని జిల్లాకు తేవడానికి భవనం కట్టడం ఒక దారి. యంత్రాన్ని ఉద్యోగి ఇంటికే పంపడం ఇంకో దారి. రెండో దానికి కావలసింది ఆగని కరెంటు, తెగని ఇంటర్నెట్ లైను. ఈ రెండో దారి మీద మన ప్రభుత్వాల చూపు ఇంకా సరిగా పడలేదు. ఊరూరికీ ఇంటర్నెట్ తీగ వేసే రాష్ట్ర ప్రభుత్వ ప్రాజెక్టు టీ-ఫైబర్‌ను మొదట ప్రయోగించిన ఊళ్లలో పొరుగున ఉన్న నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. ఆ తీగ కొత్తకోట చుట్టుపక్కల ప్రతి ఊరికీ రావాలి, గాలివాన కొట్టిన రాత్రి కూడా పనిచేయాలి.

అన్నట్టు, ఈ ల్యాప్‌టాప్‌లకు ఆజ్ఞలు పంపే సర్వర్లు ఎక్కడో ఉన్నాయనుకుంటాం, నిజానికి అవి అంత దూరంలో ఉండకపోవచ్చు. అమెజాన్ తన హైదరాబాదు క్లౌడ్ కేంద్రాలను 2022 నవంబరులో మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలో హైదరాబాదుకు డేటా సెంటర్లు ప్రకటించింది. షాద్‌నగర్ వైపు మేకగూడలోనూ భూమి కొన్నది. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీయక ముందు మేకగూడ మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. ఇలాంటి కేంద్రాలకు భూమీ కరెంటూ కావాలి, యంత్రాలు వేడెక్కకుండా చల్లబరిచే ఏర్పాట్లు కావాలి. పాలమూరు నేల వాటికి చోటిస్తున్నప్పుడు పాలమూరు ఊళ్లు తమ వాటా ఏమిటని అడగడం న్యాయమే. ఆ వాటా ఏ రూపంలో ఉండాలన్నది ఇప్పుడే ఆలోచించుకోవాలి.

దానికన్నా ముందు, యంత్రంతో పాటు ఇంట్లోకి వచ్చే ఆఫీసు చూపు గురించి చెప్పాలి. మన ఇళ్లలో ఏ వస్తువూ ఒక్కరిది కాదు. అక్క ల్యాప్‌టాప్‌లో తమ్ముడు గ్రూప్స్ హాల్‌టికెట్ తీసుకుంటాడు. నాన్న భూముల రికార్డుల పోర్టల్ భూభారతిలో తన సర్వే నంబరు చూపించమంటాడు. పెళ్లి ఫోటోల పెన్‌డ్రైవ్ పెట్టబోతే వద్దని తెర మీద రాత వస్తుంది. ఆ ఇంటి అలవాటును తప్పు పట్టడం తేలిక. ఇల్లు అలాగే నడుస్తుందని తెలుసుకుని నియమాలు రాయడం కొంచెం కష్టం, కానీ చేయవలసింది అదే. ఆఫీసు యంత్రంలో ఏ ప్రోగ్రాములున్నాయో, డిస్కుకు తాళం పడిందో లేదో, చివరిసారి ఎప్పుడు వెలిగిందో అవతల కనిపిస్తుంటుంది. కొన్ని కంపెనీలు అదనంగా పెట్టే సాఫ్ట్‌వేరుతో ఏ వెబ్‌సైటు చూశారో, తెర మీద ఏముందో కూడా తెలుసుకోవచ్చు. సొంత ఫోనులో ఆఫీసు మెయిలు పెట్టుకుంటే పరిస్థితి కొంత నయం. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అనే విడి భాగం ఏర్పడుతుంది. ఆఫీసు తుడిచేయగలిగింది ఆ భాగాన్నే. సొంత ఫోటోల జోలికి అది రాలేదు. ఈ తేడా తెలియక ఆఫీసు మెయిలు పెట్టుకోవడానికే భయపడేవాళ్లున్నారు, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఇంటి బ్యాంకు పాస్‌వర్డులన్నీ దాచుకునేవాళ్లూ ఉన్నారు.

2023లో దేశం తెచ్చుకున్న డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మామూలుగా మనిషి సమ్మతి అడగాలంటుంది. ఉద్యోగ అవసరాలకూ, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికీ మాత్రం సమ్మతి లేకుండానే సమాచారం వాడుకునే వీలు ఇచ్చింది. కంపెనీ రహస్యాలు బయటికి పోకుండా ఆపాలంటే అలాంటి వీలు కొంత అవసరమే. కానీ పడకగదిలో బల్ల వేసుకుని పనిచేసే అమ్మాయి విషయంలో ఉద్యోగ అవసరం ఎక్కడ ఆగుతుంది, ఇల్లు ఎక్కడ మొదలవుతుంది? చట్టం గీత గీసే దాకా ఆగనక్కర్లేదు. ఈ యంత్రంలో మేము ఏం చూస్తాం, ఏం చూడం, ఎప్పుడు తుడిచేస్తాం అని ఒక్క పేజీ కాగితం తెలుగులో రాసి ప్రతి ఉద్యోగికీ ఇవ్వడానికి ఏ కంపెనీకీ పెద్ద ఖర్చు కాదు. ఇలా ముందే చెప్పిన ఉదాహరణ ఒకటుంది. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షల పైచిలుకు ట్యాబుల పంపిణీ మొదలుపెట్టింది. పాఠాలకు పనికిరానివి తెరవకుండా దూరం నుంచి నియంత్రించే సాఫ్ట్‌వేరు వాటిలో పెడుతున్నామనీ, పిల్లవాడు ఏం చూస్తున్నదీ టీచర్లకూ తల్లిదండ్రులకూ తెలుస్తుందనీ అప్పటి ముఖ్యమంత్రే చెప్పారు. ట్యాబుల పథకం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, చూస్తామన్న సంగతిని దాచకుండా చెప్పడం సరైన పని. పెద్దవాళ్లకు కూడా ఆ మాత్రం చెప్పాలి.

ఇక ఆ దూరపు చేయి తప్పు చేస్తే ఏమవుతుందో 2024 జులై 19, శుక్రవారం తెలిసింది. ఆ ఉదయం మన గడియారంలో 9.39 గంటలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేరు ఉన్న విండోస్ యంత్రాలకు చిన్న ఫైలు ఒకటి పంపింది. అందులో తప్పుంది. అందుకున్న యంత్రం నీలి తెర చూపించి ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ ఆగిపోయింది. 10.57కల్లా సంస్థ ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. అప్పటికే 85 లక్షల యంత్రాలు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా కట్టింది. ప్రపంచంలోని విండోస్ యంత్రాల్లో అది ఒక్క శాతం కూడా కాదు. కానీ విమానాలు, ఆసుపత్రులు, టీవీ చానళ్లు, అత్యవసర ఫోన్ కేంద్రాలు చాలా చోట్ల నడిచింది ఆ శాతంలోపు యంత్రాల మీదే. శంషాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు విమానాలు రద్దయ్యాయి. ఇండిగో సిబ్బంది కలం పట్టి బోర్డింగ్ పాసులు చేత్తో రాశారు. హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి రాసిచ్చిన పాసు ఫోటో దేశమంతా తిరిగింది. మన బ్యాంకులు మాత్రం చాలావరకు తప్పించుకున్నాయి. బ్యాంకులూ ఆర్థిక సంస్థలూ కలిపి పదింటిలో మాత్రమే చిన్నపాటి అంతరాయాలు వచ్చాయని రిజర్వు బ్యాంకు ప్రకటించింది. చాలా బ్యాంకుల ముఖ్య వ్యవస్థలు క్లౌడ్‌లో లేకపోవడం, ఆ సంస్థ సాఫ్ట్‌వేరును కొద్ది బ్యాంకులే వాడటం అందుకు కారణాలని చెప్పింది.

ఆ చేతిరాత పాసు గురించి మాట్లాడుకున్నంతగా ఆ యంత్రాలు మళ్లీ ఎలా లేచాయన్నది మాట్లాడుకోలేదు. ఆగిపోయిన కంప్యూటరు ఇంటర్నెట్‌దాకా రాలేదు. ఇంటర్నెట్‌కు రానిదాన్ని దూరం నుంచి బాగుచేసే వీలు లేదు. పంపడానికి ఒక్క మీట చాలింది. సరిచేయడానికి చాలా చోట్ల ఒక్కో యంత్రం ముందు ఒక్కో మనిషి కూర్చోవలసి వచ్చింది. సేఫ్ మోడ్‌లో తెరవాలి, లోపలి ఫోల్డరుకు వెళ్లాలి, ఆ ఫైలును వెతికి తీసేయాలి. డిస్కుకు తాళం ఉంటే ముందు 48 అంకెల తాళం సంఖ్య కొట్టాలి. అది ఎక్కడుంది? ఆఫీసు సర్వరులో. కొన్ని ఆఫీసుల్లో ఆ సర్వరు కూడా అదే దెబ్బకు పడిపోయింది. ఇప్పుడు ఈ కథను కొత్తకోటలోని ఆ ఇంటికి తెచ్చి చూడండి. పగలంతా ఫోను చేస్తే సాయంత్రానికి హెల్ప్‌డెస్క్ దొరుకుతుంది. అవతలి మనిషి ఒక్కొక్క అంకె ఇంగ్లిషులో చదువుతుంటే ఇవతల ఆమె కొడుతుంటుంది. ముప్పై అంకెలయ్యాక సిగ్నలు తెగిపోతుంది. ఆమె ఆ రోజు పని పోగొట్టుకుంది. తప్పు ఆమెది కాదు, కానీ హాజరు పట్టీలో ఎలా పడుతుందో ఎవరు చెప్పగలరు?

అంతకన్నా పెద్ద భయం ఒకటుంది. మేడమ్, ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ ల్యాప్‌టాప్‌లో వైరస్ ఉంది, ఈ యాప్ వేసుకుని నంబరు చెప్పండి అని వచ్చే దొంగ ఫోన్లు. నిజమైన ఆఫీసు మనిషి గొంతు కూడా ఆమెకు తెలియదు గనుక నిజమేదో దొంగేదో పోల్చుకోవడం ఆమె వల్ల కాదు. డబ్బు పోతే 1930కు ఫోను చేయమని పోలీసులు చెబుతున్నారు, మంచిదే. తెలిసిన ముఖం ఒకటి ఊళ్లో ఉంటే ఆ ఫోను దాకా రాకుండానే చాలా ఆపదలు ఆగుతాయి.

పద్ధతిగా చేసిన మార్పు ఎలా ఉంటుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. మహబూబ్‌నగర్ జిల్లా రైతులకు బాగా తెలిసిన సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసింది. ఆ బ్యాంకుకు తెలంగాణలో ఉన్న 493 శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వచ్చాయి. కంప్యూటర్ వ్యవస్థలు మార్చడానికి 2024 డిసెంబరు 28 నుంచి 31 దాకా సేవలు ఉండవని ముందే చెప్పారు. ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు, పడరని కాదు. కానీ ఎప్పుడు ఆగుతుందో, ఎప్పుడు మొదలవుతుందో ముందే తెలిసింది. సందేహముంటే అడగడానికి శాఖలో ఎదురుగా మనిషి ఉన్నాడు. జులై 19న 85 లక్షల యంత్రాలకు దొరకనివి ఇవే. ఆ తర్వాత క్రౌడ్‌స్ట్రైక్ కూడా ఇకపై అందరికీ ఒకేసారి కాకుండా కొద్దికొద్ది యంత్రాలకు పంపి, బాగుందని తేలాకే మిగతావాటికి పంపుతామని మాటిచ్చింది.

తనంతట తాను నడిచేదానికి కూడా దగ్గర మనిషి కావాలని కొత్తకోట వాళ్లకు చెప్పడానికి సరళాసాగర్ చాలు. మదనాపురం మండలంలో, ఊకచెట్టు వాగు మీద వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరిట కట్టించిన ప్రాజెక్టు అది. 1949లో పునాది పడింది, 1959లో ప్రారంభమైంది. దాని గొప్పతనమంతా సైఫన్లలో ఉంది. నీరు నిండు మట్టానికి రాగానే సైఫన్ గొట్టంలోని గాలిని నీరే లాగేస్తుంది, వరద ఒక్క ఊపున కిందికి దూకుతుంది. మట్టం తగ్గగానే గాలి మళ్లీ లోపలికి వచ్చి ప్రవాహం ఆగిపోతుంది. గేటు లేదు, మోటారు లేదు, మీట నొక్కే మనిషి లేడు. చూడటానికి జనం బళ్లు కట్టుకుని వెళ్లేంత అద్భుతం. అలాంటి సరళాసాగర్ కట్టకు 2019 డిసెంబరు 31న గండి పడింది. నీళ్లన్నీ వాగు పాలయ్యాయి. గండి పడింది సైఫన్లకు కాదు, పక్కనున్న మట్టికట్టకు. సైఫన్‌కు నీటి మట్టం తెలుసు, మట్టిలో ఊట ఎక్కడ తగిలిందో తెలియదు. అది తెలియాలంటే కట్ట మీద తిరిగే మనిషి కావాలి. మన చెరువులన్నిటికీ నీరటి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం పైకి కనిపించే పని. కట్ట మీద నడుస్తూ ఎలుక బొరియను, తడిసిన చోటును కనిపెట్టడం కూడా అతని పనే. అందుకే ఊరు అతనికి మాన్యమో, పంటలో వాటానో ఇచ్చి నిలుపుకునేది.

దూరం నుంచి నడిచే కంప్యూటర్లకు ఇప్పుడు కావలసింది అలాంటి మనిషే. ఈ సాధనాలను వద్దనడం మా ఉద్దేశం కాదు. సీడీల కాలానికి తిరిగి పోవాలని ఎవరూ కోరుకోరు. ఊళ్లోని చిన్న ఆఫీసులకైతే ఇవి ఇంకా ఎక్కువ అవసరం. పది కంప్యూటర్లున్న జూనియర్ కాలేజీకీ, విత్తనాల దుకాణానికీ, రైసుమిల్లుకూ సిస్టమ్ అడ్మిన్‌ను పెట్టుకునే స్తోమత లేదు. గడువు తీరిన యాంటీవైరస్‌తో, ఎవరో వేసిపోయిన దొంగ కాపీ విండోస్‌తో అవి నడుస్తున్నాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ సంగతి ఎవరూ చెప్పని యంత్రాలు మన ఊళ్లలో చాలా ఉంటాయి. వాటిలో రైతుల ఆధార్ నకళ్లున్నాయి, పిల్లల మార్కులున్నాయి, ఉద్దెర లెక్కలున్నాయి.

ఒక్క కంపెనీ ఉద్యోగి కోసం కొత్తకోటలో మనిషిని పెట్టమంటే ఎవరూ పెట్టరు. కానీ ఇంటి నుంచి పనిచేసే వాళ్లు, మీసేవ కేంద్రాలు, కాలేజీలు, దుకాణాలు, మున్సిపాలిటీ అందరినీ కలిపి చూడండి. ఒకరిద్దరు యువకులకు ఏడాది పొడుగునా పని ఉంటుంది. వాళ్లకు ఆటోపైలట్ ఎలా నడుస్తుందో తెలిసుండాలి, సేఫ్ మోడ్‌లో చేత్తో బాగుచేయడం కూడా తెలిసుండాలి. తాళం సంఖ్యలు ఎక్కడ దాచాలో, ఇంటివాళ్ల ఫైళ్లు ఎందుకు తెరవకూడదో నేర్పాలి. గుర్తింపు కార్డు ఉండాలి, తప్పు చేస్తే జవాబు చెప్పే పూచీ ఉండాలి. ఊరి మనిషి గనుక ఊరికి జవాబుదారీ ఎలాగూ తప్పదు.

అలాంటి వాళ్లను తయారు చేసే చోటు పక్కనే ఉంది. సరళాసాగర్ కట్టించిన ఆ రాజవంశపు భవనంలోనే వనపర్తి కె.డి.ఆర్. ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. దశాబ్దాలుగా జిల్లాకు డిప్లొమా ఇంజనీర్లను ఇచ్చిన కాలేజీ అది. చిన్న చోట్ల పెద్ద పని సాగదని ఎవరైనా అంటే తెన్‌కాశిని చూపించవచ్చు. జోహో 2011లో తమిళనాడులోని ఆ మారుమూల ప్రాంతంలో ఆఫీసు తెరిచింది. జోహో డెస్క్ అనే సాఫ్ట్‌వేరు అక్కడి నుంచే తయారై వెళ్లింది. వనపర్తి పిల్లలు వాళ్లకు తీసిపోరు.

పాలమూరు అడగవలసిన వాటా ఇదే. డేటా సెంటర్లు పెట్టే సంస్థలూ, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులున్న హైదరాబాదు కంపెనీలూ కలిసి ఇలాంటి స్థానిక సహాయకుల శిక్షణకూ జీతాలకూ కొంత నిధి ఇవ్వాలి. రాష్ట్ర ఐటీ శాఖ పూనుకుని సాంకేతిక విద్యా శాఖతో మాట్లాడి, ఆరు నెలల కోర్సు ఒకటి వనపర్తి పాలిటెక్నిక్‌లో పెట్టించాలి. కొత్తకోట మున్సిపాలిటీ ఒక గది ఇవ్వాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద భవనం అక్కర్లేదు. వచ్చే విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టమని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.